ఫైలు చూసే హక్కే అంబుడ్స్‌మన్ బలం

ప్రభుత్వ కార్యాలయాల మీద ప్రజలిచ్చే ఫిర్యాదులను విచారించే స్వతంత్ర అధికారి అంబుడ్స్‌మన్. ఈ పదవిలో ఉన్నవారు సాధారణంగా ఏ ఉత్తర్వునూ రద్దు చేయలేరు. అధికారికి జరిమానా వేయలేరు, సస్పెండ్ చేయలేరు. చాలా దేశాల్లో చట్టం ఆ పదవికి ఇచ్చేది ముఖ్యంగా రెండే. ప్రభుత్వ కార్యాలయంలోని ఫైళ్లు తెప్పించుకుని చదివే హక్కు ఒకటి. చదివాక తేలినదాన్ని కారణాలతో సహా రాసి చట్టసభ ముందు, ప్రజల ముందు పెట్టే హక్కు రెండోది. కోరలు తీసిన పాము అని ఈ పదవిని వెక్కిరించేవాళ్లు మొదటి హక్కు విలువను సరిగ్గా అంచనా వేయరని నా అభిప్రాయం. అది ఉన్నంతవరకూ ఈ వ్యవస్థ పనిచేస్తుంది. దానికి గండి పడితే మిగతా హంగులన్నీ ఉన్నా పనిచేయదు.

1809లో స్వీడన్ రాజ్యాంగంతో పుట్టిన తొలి పార్లమెంటరీ అంబుడ్స్‌మన్‌కు తప్పుచేసిన అధికారిపై కేసు నడిపే అధికారం ఉండేది. అది ఇప్పటికీ ఉంది, వాడడం మాత్రం తక్కువ. తర్వాత ప్రపంచం ఎక్కువగా అనుసరించింది 1955లో డెన్మార్క్‌లో పని మొదలుపెట్టిన నమూనాని. కోర్టుల జోలికి పోకుండా, విమర్శ మీద, సిఫార్సు మీద ఆధారపడే పద్ధతి అది. 1962లో న్యూజిలాండ్, 1967లో బ్రిటన్ ఆ బాటనే పట్టాయి.

అంబుడ్స్‌మన్ చూసేది చట్టం ఉల్లంఘించారా లేదా అన్నది ఒక్కటే కాదు. జవాబివ్వకుండా నెలల తరబడి నాన్చడం, తప్పుడు సమాచారమిచ్చి దరఖాస్తుదారును తప్పుదోవ పట్టించడం, ఇద్దరి పరిస్థితీ ఒకటే అయినా ఒకరికి ఇచ్చి మరొకరికి నిరాకరించడం, కారణం చెప్పకుండా తిరస్కరించడం, ఇవన్నీ పాలనా లోపాల కిందికే వస్తాయి. బ్రిటన్‌లో బిల్లు పెట్టినప్పుడు మంత్రి క్రాస్‌మన్ పక్షపాతం, నిర్లక్ష్యం, జాప్యం, చేతకానితనం అంటూ వరుసగా చెప్పి, ఆ జాబితాను కావాలనే ముగించకుండా వదిలేశారు. మంచి పనే చేశారు. గట్టి నిర్వచనం రాసి ఉంటే ప్రతి శాఖా అందులో ఇమడని సందు వెతుక్కునేది.

ఇక ఫిర్యాదు సంగతి. విచారణ దాకా రాకుండా గేటు దగ్గరే ఆగిపోయేవి చాలా ఉంటాయి. మామూలు కారణం, ముందుగా సదరు కార్యాలయానికే ఫిర్యాదు చేసి జవాబు తీసుకోకపోవడం. ఇంకోటి కాలపరిమితి. డెన్మార్క్‌లో ఏడాది, యూరోపియన్ యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులు చూసే యూరోపియన్ అంబుడ్స్‌మన్ దగ్గర విషయం తెలిసిననాటి నుంచి రెండేళ్లు. అదే వివాదం కోర్టులో నడుస్తుంటే చాలాచోట్ల ముట్టుకోరు. బ్రిటన్‌లో ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదు నేరుగా చెల్లదు, పార్లమెంటు సభ్యుడి ద్వారా వెళ్లాలి. ఇది 1967 నాటి ఏర్పాటు.

గేటు దాటాలంటే రాసే తీరు కూడా ముఖ్యం. ఒక పేజీలో తేదీల వరుస, దాని వెనక ఆ తేదీలకు సంబంధించిన కాగితాల నకళ్లు, తిరస్కరణ ఉత్తర్వు, లోపలి ఫిర్యాదుకు వచ్చిన తుది జవాబు పెట్టాలి. "నాకు అన్యాయం జరిగింది" అంటే దర్యాప్తు అధికారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. "ఫలానా తేదీన ఇచ్చిన ధ్రువపత్రాన్ని చూడకుండానే తిరస్కరించారు, ఉత్తర్వులో దాని ప్రస్తావనే లేదు" అంటే ఏ కాగితం వెతకాలో వెంటనే తెలుస్తుంది. ఏం కావాలో కూడా రాయాలి. క్షమాపణా, పునఃపరిశీలనా, డబ్బా, నియమంలో మార్పా? తమ కేసులో నిర్ణయం నచ్చలేదు కాబట్టి అంబుడ్స్‌మన్ మళ్లీ తీర్పు చెప్పాలని కోరేవారు నిరాశ పడతారు. అక్కడ తూకం వేసేది ముఖ్యంగా నిర్ణయం తీసుకున్న తీరుని.

విచారణలో అసలు కథ నోట్‌ఫైల్లో ఉంటుంది. ఉత్తర్వులో రాసిన కారణం, నోట్‌ఫైల్లో అధికారులు ఒకరికొకరు రాసుకున్న కారణం వేరువేరుగా ఉన్నాయా? కారణం రాసిన తేదీ నిర్ణయం తర్వాతిదా? కంప్యూటర్ లాగ్‌లో ఫైలు తెరిచిన సమయం, మూసిన సమయం ఏం చెబుతున్నాయి? అదే కాలంలో అదే కార్యాలయం తేల్చిన అలాంటి ఫైళ్లు మరికొన్ని తెప్పించి పక్కపక్కన పెడితే తేడా చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. కార్యాలయం ఫైలుకు బదులు "సారాంశం" పంపిందంటే అనుమానించాల్సిందే. ఆ తర్వాత ముసాయిదా నివేదికను శాఖకు పంపి, వాస్తవాల్లో పొరపాట్లుంటే చెప్పమంటారు. ఇక్కడొక చిక్కుంది. తేదీలు, అంకెలు సరిచేయమంటే శాఖలు నిర్ధారణల్నే మెత్తబరచడానికి చూస్తాయి. గడువు పెంచమని అడుగుతూ పోతాయి.

ఈ చిక్కు ఎంత దూరం వెళ్లగలదో ఆస్ట్రేలియాలో రోబోడెట్ అనే పథకం చూపించింది. అక్కడ సంక్షేమ భృతిని రెండు వారాలకోసారి, ఆ రెండు వారాల సంపాదన చూసి లెక్కిస్తారు. ఈ పథకంలో పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని 26 సమాన భాగాలు చేసి, ప్రతి రెండు వారాలకూ అంతే వచ్చినట్టు భావించారు. ఆరు నెలలు ఉద్యోగం చేసి, మిగతా ఆరు నెలలు పనిలేక భృతి తీసుకున్న మనిషి లెక్క చూడండి. భృతి తీసుకున్న నెలల్లోనూ ఆయన సంపాదించినట్టు తేలుతుంది. లేని బాకీ కట్టమని నోటీసు వెళ్తుంది. అది తప్పని నిరూపించుకునే భారం ఆయన మీదే.

2017 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదులు చూసే కామన్వెల్త్ అంబుడ్స్‌మన్ దీనిపై నివేదిక ఇచ్చారు. ఉత్తరాల భాష, సమాచార లోపం, ఫోన్ సేవల తీరును విమర్శించారు. సగటు లెక్క అసలు చట్టబద్ధమేనా అన్న ప్రశ్న మాత్రం తేలలేదు. ఆ తర్వాత పథకాన్ని సమర్థించుకోవడానికి ప్రభుత్వం ఆ నివేదికనే అడ్డం పెట్టుకుంది. 2019 నవంబరులో ఫెడరల్ కోర్టులో ఈ పద్ధతిన వేసిన బాకీ చెల్లదని తేలింది. 2023 జూలైలో వచ్చిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి విచారణ సంఘం) నివేదిక, శాఖలు అంబుడ్స్‌మన్‌ను తప్పుదోవ పట్టించాయని నిర్ధారించింది. అంబుడ్స్‌మన్ విచారణకు పూర్తిగా సహకరించే బాధ్యతను శాఖాధిపతుల మీద చట్టం ద్వారా పెట్టాలని కూడా చెప్పింది. ఇలాంటి విచారణలో అడగాల్సిన మొదటి కాగితం న్యాయ సలహా. పథకం మొదలవకముందు ఇచ్చిన సలహా వేరు, విచారణ మొదలయ్యాక తయారుచేసిన సలహా వేరు. రెండూ తేదీలతో సహా చేతికి రావాలి.

సిఫార్సును శాఖ కాదంటే ఏం చేయాలన్న ప్రశ్నకు దేశానికో జవాబు. న్యూజిలాండ్‌లో ప్రభుత్వ సమాచారం ఇవ్వమని అంబుడ్స్‌మన్ చెబితే, మంత్రిమండలి స్థాయిలో ఉత్తర్వు ద్వారా అడ్డుకోకపోతే, 21వ పని దినం నుంచి ఇవ్వడం తప్పనిసరి అవుతుంది. అడ్డుకోవాలంటే బహిరంగంగా అడ్డుకోవాలి. ఆ ఇబ్బందే పని చేయిస్తుంది. బ్రిటన్‌లో 2008 నాటి బ్రాడ్లీ కేసులో అప్పీలు కోర్టు, అంబుడ్స్‌మన్ నిర్ధారణను మంత్రి తోసిపుచ్చాలంటే బలమైన కారణం ఉండాలంది. నిర్ధారణకు రక్షణ దొరికింది గానీ పరిహారానికి దొరకలేదు. మహిళల పింఛను వయసు మార్పు గురించి ఉత్తరాలు పంపడంలో జరిగిన జాప్యం మీద 2024 మార్చిలో అంబుడ్స్‌మన్ పరిహారం సూచిస్తే, అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం జాప్యానికి క్షమాపణ చెప్పి డబ్బు మాత్రం ఇవ్వనంది.

నైతికత విషయంలో అంబుడ్స్‌మన్ చేసే పని ఇంకాస్త సూక్ష్మం. లంచం తీసుకున్నవాణ్ని పట్టుకోవడం పోలీసుల పని. నియమం ప్రకారం తప్పు కాకపోయినా నమ్మకాన్ని దెబ్బతీసే పనులు అంబుడ్స్‌మన్ చూడాలి. యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ మాజీ అధ్యక్షుడు బరోసో 2016లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులో చేరినప్పుడు, పదవి దిగాక చేసే ఉద్యోగాల మీద అప్పట్లో ఉన్న 18 నెలల ఆంక్షల గడువు దాటిపోయింది. అయినా అప్పటి యూరోపియన్ అంబుడ్స్‌మన్ ఎమిలీ ఓరైలీ వదల్లేదు. కమిషన్ ఆ వ్యవహారాన్ని పరిశీలించిన తీరును తప్పుపట్టారు. 2018లో వచ్చిన కొత్త ప్రవర్తనా నియమావళిలో గడువు కమిషనర్లకు రెండేళ్లు, అధ్యక్షులకు మూడేళ్లు అయింది. కోవిడ్ టీకా కంపెనీ ఫైజర్ అధిపతికీ కమిషన్ అధ్యక్షురాలికీ మధ్య నడిచిన ఫోన్ సందేశాలను ఒక పాత్రికేయుడు అడిగినప్పుడూ 2022లో ఓరైలీ తేల్చింది చిన్న విషయమే. సందేశాలున్నాయేమో చూడమని అధ్యక్షురాలి కార్యాలయాన్ని కమిషన్ అడగనేలేదు. రికార్డుల్లో నమోదైన పత్రాల్లో వెతికి, లేవని చెప్పింది. వెతికామన్న జవాబు వస్తే ఎక్కడ వెతికారని అడగాలి, అంతే.

పదవికి స్వతంత్రత ఎలా వస్తుందో 2019 నాటి వెనిస్ సూత్రాలు (ఐరోపా మండలి న్యాయ సలహా సంఘమైన వెనిస్ కమిషన్ రాసినవి) వివరంగా చెబుతాయి. పార్లమెంటులో పెద్ద మెజారిటీతో ఎన్నిక, ఏడేళ్లకు తగ్గని ఒకే పదవీకాలం ఉంటే మేలు, చాలినంత బడ్జెట్ తప్పనిసరి. సంస్థలు తమలో తామే పెట్టుకునే "అంబుడ్స్‌మన్"లు ఈ కొలతకు నిలవడం కష్టం. సంస్థాధిపతి సంతకంతో నియామకం, ఆయన సంతకంతోనే తొలగింపు అయితే దాన్ని ఫిర్యాదుల విభాగమనడమే నిజాయితీ.

ఒక అంబుడ్స్‌మన్ కార్యాలయం ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే వార్షిక నివేదికలో వచ్చిన ఫిర్యాదుల అంకె దగ్గర ఆగకండి. తనంతట తాను చేపట్టిన విచారణలు ఎన్నో చూడండి, ఎందుకంటే జైల్లో, మానసిక ఆసుపత్రిలో, ఆశ్రయ కేంద్రంలో ఉన్నవాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదులు రావడం కష్టం. తర్వాత "అంగీకరించారు", "అమలు చేశారు" అనేవి వేరువేరు గడుల్లో ఉన్నాయా చూడండి. రెంటినీ ఒకే శాతంలో కలిపేస్తే, సరేనన్న శాఖ ఏడాది తర్వాత ఏం చేసిందో ఆ కార్యాలయం మళ్లీ వెళ్లి చూడలేదనే అనుకోవచ్చు.