వరండాకు మెష్: సగం పని అయింది

దక్షిణం వైపు ఫ్రేములు బిగించేశాం. తూర్పు వైపు ఇంకా కొలతల దగ్గరే ఉంది.

మా ఇల్లు కపిలతీర్థం వైపు, కొండకు దగ్గర. దోమలొక్కటే అయితే ఇంత ఆలోచన ఉండేది కాదు. శేషాచలం నుంచి దిగే కోతులు, జామచెట్టు మీది ఉడతలు, వాన పడిన సాయంత్రం లైటు చుట్టూ ముసిరే ఉసుళ్లు కూడా ఉన్నాయి. అందుకే ఏ వైపు దేని బెడద ఎక్కువో చూసి, ఆ వైపుకు తగిన మెష్ వేస్తున్నాను.

దక్షిణానికి ఫైబర్‌గ్లాస్ తీసుకున్నా. గాజు నూలుకు పీవీసీ పూత వేసిన మెష్ ఇది. తుప్పు పట్టదు, కత్తెరతో తెగుతుంది, ధరా తక్కువే. అల్యూమినియం మెష్ చూశాను గానీ, వేలితో నొక్కిన చోటల్లా సొట్ట పడి అలాగే ఉండిపోతోంది.

కొనేముందు మెష్ మీద స్కేలు పెట్టి కళ్లు, అంటే రంధ్రాలు, లెక్కపెట్టండి. 18×16 అంటే అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16. కన్ను మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది, దోమ దూరదు. 20×20 ఇంకా సన్నం, కానీ గాలి తగ్గుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో గాలిని వదులుకోలేను. రంగు మాత్రం నలుపే. తెలుపు, బూడిద రంగు మెష్‌లు ఎండకు మెరిసి చూపును ఆపేస్తాయి. నల్లదాంట్లోంచి కొండ స్పష్టంగా కనిపిస్తోంది.

బిగించడం ఇలా: ఫ్రేము కంటే చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించి, రబ్బరు బీడింగును రోలర్‌తో గాడిలోకి నొక్కాలి. ముందు ఒక పక్క, తర్వాత దాని ఎదురు పక్క. మరీ బిర్రుగా లాగితే ఫ్రేములోని పొడుగాటి పట్టీ మధ్యలో లోపలికి వంగుతుంది. మిగిలిన అంచును బీడింగుకు బయటి వైపున బ్లేడుతో కోసెయ్యాలి.

తూర్పున చెట్టు ఉంది, కోతులొచ్చేదీ అటే. వాటి గోళ్లకు, ఉడత పళ్లకు ఫైబర్‌గ్లాస్ ఆగదు. అక్కడికి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు మెష్. “అన్నా, 202 వేసుకోండి, చూడ్డానికి రెండూ ఒకటే” అన్నాడు ఫిట్టర్. చూడ్డానికి ఒకటే, నిజమే. కానీ 202లో నికెల్ తక్కువ, వాన తగిలే చోట ముందుగా మరకలు పట్టేది అదే. అయస్కాంతంతో తేల్చుకుందామన్నా నమ్మకం లేదు. మామూలుగా అయస్కాంతానికి అంటుకోని 304కి కూడా, సన్నటి తీగగా లాగినప్పుడు కొంచెం అంటుకునే గుణం వస్తుంది. బిల్లు మీద గ్రేడు రాసిస్తానన్న కొట్లోనే ఆర్డరిచ్చాను.

ఆ మెష్ గ్రిల్‌కు లోపలి వైపు వస్తుంది. తర్వాత తలుపు, దాని అడుగు సందుకు బ్రష్ పట్టీ.