డిప్ ఎంతో చెప్పాను, అది నిజమో కాదో చెప్పలేకపోయాను

ఓడలో ఆఫీసర్ అవ్వడానికి రాసే సెకండ్ మేట్ పరీక్షలో ఆరల్స్, అంటే నోటి పరీక్ష, నాకు మొదటిసారి పోయింది డిప్ దగ్గరే. డిప్ అంటే, కన్ను నీళ్లకి ఎత్తులో ఉన్నప్పుడు దిగంతం కంటి మట్టం కన్నా ఎంత కిందకి కనిపిస్తుందో ఆ కోణం. రాతపరీక్షలో డిప్ లెక్క ఏనాడూ తప్పలేదు కాబట్టి అది నా చేతిలో పనే అనుకున్నా. కన్ను 25 మీటర్ల ఎత్తులో ఉంటే ఎంత అని అడిగితే 8.8 నిమిషాలని (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) టకీమని చెప్పేశా. "ఇవాళ, నువ్వున్న సముద్రం మీద అది 8.8 అని నీకెవరు చెప్పారు?" అన్నారు పరీక్ష చేస్తున్న సర్వేయర్ గారు. టేబుల్లో ఉంది సార్ అన్నా. అంతే, అక్కడితో అయిపోయింది.

మాది అంతర్వేది పక్కన ఊరు. ఫెయిలై ఇంటికొచ్చాక ఓ చలికాలం పొద్దున్న మావయ్యతో పల్లిపాలెం ఒడ్డుకెళ్తే, దూరంగా ఉన్న పడవలు నీళ్లకి ఆనకుండా గాల్లో తేలుతున్నట్టు కనిపించాయి. "చలికాలం ఇంతేరా, ఎండెక్కితే దిగుతాయి" అన్నాడు మావయ్య. సర్వేయర్ గారి ప్రశ్నకి జవాబు అదే అని నాకు ఇంకో రెండ్రోజులకి గానీ వెలగలేదు!

ఎత్తుని మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 1.76తో గుణిస్తే డిప్ వస్తుందని అందరం బట్టీ పట్టేదే. కానీ గాలే లేకపోతే ఆ అంకె 1.93 అవుతుంది. మామూలు గాలిలో వెలుగు కాస్త వంగి దిగంతాన్ని పైకెత్తి చూపిస్తుంది కాబట్టి 1.76కి తగ్గింది. అంటే ఆ అంకెలోనే గాలి మామూలుగా ఉందన్న ఊహ దాక్కుని ఉంది. ఆ పొద్దున్న పల్లిపాలెంలో లాగా వెచ్చటి నీళ్ల మీద చల్లగాలి ఉంటే దిగంతం ఇంకా కిందకి దిగి డిప్ పెరుగుతుంది, చల్లటి నీళ్ల మీద వేడిగాలి ఉంటే తగ్గుతుంది. డిప్‌లో ఒక్క నిమిషం తేడా వస్తే మన పొజిషన్ లైన్ (దిగంతం నుంచి సూర్యుడి ఎత్తో నక్షత్రం ఎత్తో కొలిచి, మన ఓడ ఉన్నదని చార్టులో గీసే గీత) ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు, పక్కకి జరిగినట్టే.

మరి కొలవడం ఎలా? డిప్ మీటర్ అని ఒక పరికరం ఉంది, ఎదురెదురు దిగంతాల్ని ఒకేసారి చూపిస్తుంది. అది లేకపోయినా మధ్యాహ్నం సూర్యుడు బాగా ఎత్తులో ఉంటే సెక్స్‌టెంట్, అంటే దిగంతం నుంచి సూర్యుడి ఎత్తుని కోణంగా కొలిచే పరికరం, చాలు. దక్షిణ దిగంతం నుంచి 70°14.2′, వెంటనే తిరిగి సూర్యుడి అదే అంచుకి ఉత్తర దిగంతం నుంచి 110°08.2′ వచ్చిందనుకోండి, ఇండెక్స్ ఎర్రర్ (సెక్స్‌టెంట్‌లోనే ఉండే తప్పు) తీసేశాకే సుమా. కలిపితే 180°22.4′. 180 పోగా మిగిలిన దాంట్లో సగం, 11.2 నిమిషాలు, అసలు డిప్. టేబుల్ 8.8 అంటుంది. 2.4 మైళ్ల తేడా! అదే అంచు అన్నది మర్చిపోవద్దు, ఇటు నుంచి కింది అంచైతే అటు నుంచి అది పై అంచు అవుతుంది, నేను మొదట్లో ఇక్కడే తికమకపడ్డా.

సెక్స్‌టెంట్ సుమారు 120 డిగ్రీల దాకానే చూపిస్తుంది కాబట్టి సూర్యుడు 60కి పైనే ఉండాలి. రెండు వైపులా డిప్ ఒకేలా ఉందనుకుని చేసే లెక్క ఇది. మన కాకినాడ తీరం దగ్గర్లో ఉంటే ఉత్తరాన నేలే అడ్డొస్తుంది, కాబట్టి నడిసముద్రంలోనే పనికొస్తుంది. సంధ్యవేళ నాలుగు దిక్కులా నాలుగు నక్షత్రాలు దొరికితే ఈ తప్పు ఎదురెదురుగా కొట్టుకుపోతుంది, అసలు ఇబ్బంది పగలు ఒంటరి సూర్యుడితోనే. ఇది కూడా చెప్పగలిగితే సర్వేయర్లు ఇంకో ప్రశ్న వేయకపోవచ్చు.

రెండోసారి ఆరల్స్‌కి ఇదంతా కంఠతా పట్టుకుని వెళ్లానా, డిప్ ఊసే ఎత్తలేదు, సాంతం రూల్ ఆఫ్ ద రోడ్ (ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పాటించే నియమాలు) మీదే నడిచింది.