సీసాకి జలుబు

పదకొండున్నర దాటింది. నేను తయారుచేస్తున్న, మళ్ళీ మళ్ళీ నింపుకునే తుంపర సీసా నాలుగో నమూనా బల్ల మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దాని కింద పరిచిన టిష్యూ మీద, లోపల పోసిన నీలం నీళ్ళు కారి, బొటనవేలి గోరంత మరక. కూడబెడితే నాలుగు చుక్కలు కూడా కాదు. అయినా నిద్ర రావడం లేదు.

పొద్దున చిన్నది అటు పోతూ "అమ్మా, నీ సీసాకి ముక్కు కారుతోంది" అని ఒక మాట పడేసి పోయింది. నేను వింటేగా.

మూడో నమూనా పనికిరాకుండా పోయింది, దాని గురించి ఇప్పుడే ఏడవను. ఏడుస్తాను, కానీ కాస్త ఆగి. ముందు మంచి మాట ఒకటి చెప్పేస్తాను. ఈసారి తుంపర బాగా వచ్చింది. నొక్కుకి 0.13 మిల్లీలీటర్లు. కొలవడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. పంపులో గాలి పోయేదాకా ఏడెనిమిది సార్లు నొక్కి వదిలేసి, సీసాని తూచి, వంద నొక్కులు నొక్కి, మళ్ళీ తూచి, తేడాని వందతో భాగించడమే. నీళ్ళయితే గ్రాము అంటే మిల్లీలీటరే. తుంపర చిమ్మే నాజిల్ లోపల గోటితో తప్ప ఊడని చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని వెనకవైపు ఏటవాలుగా సన్నని గాళ్ళు ఉంటాయి. నీరు ఆ గాళ్ళలోంచి పక్కనుంచి దూరి, సుడి తిరిగి, 0.3 మిల్లీమీటర్ల కన్నంలోంచి బోలు గొడుగులా విచ్చుకుని పొడిపొడి అవుతుంది. ఆ బిళ్ళ తీసేస్తే అదే పంపు పిచికారీలా ధార కొడుతుంది. అడుగు దూరంలో పట్టిన అద్దం మీద అరచేయంత మంచు, అంచుల్లో పెద్ద చుక్కలు లేవు. సంతోషం అయిపోయింది. ఇక కారడం సంగతి. నా అనుమానమంతా సీసా మెడ మీదే.

మెడ కొలతలు రాసేవాళ్ళ మీద నాకున్న కోపం ఈ జన్మకి తీరదు. పంపు మీద "24" అంటారు, సీసా మీద "24" అంటారు, రెండూ తెచ్చి బిగిస్తే కూర్చోవు. ఆ 24 అన్నది మెడ మీది మర బయటి అంచు నుంచి అటు అంచుకి వ్యాసం, మిల్లీమీటర్లలో. కథలో అది సగమే. ఆ పక్కనే గీత కొట్టి 400, 410, 415 అని ఇంకో అంకె ఉండాలి. 400 అంటే మర ఒక చుట్టు, 410 అంటే ఒకటిన్నర, 415 అంటే రెండు. చుట్లు పెరిగేకొద్దీ మెడ పొడుగవుతుంది. 410 పంపు తెచ్చి 400 సీసాకి బిగించారనుకోండి, మూత అంచు వెళ్ళి సీసా భుజానికి కొట్టుకుని ఆగిపోతుంది. లోపల వాషరు ఇంకా సీసా నోటిని తాకనే ఉండదు. పైనుంచి చూస్తే మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, చేతికీ అలాగే తగులుతుంది. మూతకీ భుజానికీ మధ్య కాగితం ముక్క దూర్చి చూడాలి. పూర్తిగా బిగించాక కాగితం కదలకపోతే మూత భుజం మీద కూర్చున్నట్టే, అంటే సీలు లేనట్టే. బిగుతుగా ఉండాల్సింది ఆ చోటు కాదు.

అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: మరకి తెల్లటి టేపు చుట్టు. చుట్టకండి. కుళాయి గొట్టానికి మర దగ్గరే నీరు ఆగాలి, అక్కడ టేపు సరే. సీసాకి మర చేసే పని మూతని కిందికి లాగడం మాత్రమే. నీటిని ఆపేది నోటి పైఅంచూ దాని మీద నొక్కుకునే వాషరూ. టేపు చుడితే మర తొందరగా బిగుసుకుని వాషరు ఇంకా తక్కువ నొక్కుకుంటుంది, కారడం ఎక్కువవుతుంది.

ఆ పైఅంచు కూడా సాఫీగా ఉండాలి. గట్టిగా, అద్దంలా ఉండే పెట్ (PET) ప్లాస్టిక్ సీసాల మెడ విడిగా అచ్చులో పోసి తయారవుతుంది కాబట్టి అంచు నున్నగా వస్తుంది. మెత్తగా నొక్కుకుపోయే పాలిథిన్ సీసాల్లో, అవే పాలతెలుపు రంగువి, రెండు అచ్చులు కలిసే చోట నోటి మీదుగా వెంట్రుకంత గీత మిగిలిపోతుంటుంది. గోరు పెట్టి గీస్తే టిక్కుమని తగులుతుంది. వెంట్రుకంతే కదా అనుకుంటాం, నీటికి అది రాజమార్గం. చదునైన గాజుపలక మీద 600 నంబరు గరుకు కాగితం పరిచి, సీసాని తలకిందులుగా పట్టి, ఎనిమిది అంకె రాస్తున్నట్టు ఇరవై సార్లు తిప్పితే గీత పోతుంది. ఒకే వైపు రుద్దితే అంచు వాలిపోతుంది. అయ్యాక లోపల కడగడం మరిచిపోతే ఆ పొడే వెళ్ళి 0.3 కన్నానికి అడ్డం పడుతుంది.

ఇదంతా పొద్దుటి నుంచి చేశాను. వాషరు మార్చాను. నోరు నున్నగా చేశాను. మర సరిచూశాను. మధ్యాహ్నం మళ్ళీ నీలం నీళ్ళు పోసి పడుకోబెట్టాను. మళ్ళీ మరక.

అప్పుడు గుర్తొచ్చింది మూడోది. అడుగున కవాటం పెట్టిన రకం అది. చిన్న అత్తరు గొట్టాలకి ఉంటుందే, పెద్ద సీసా నాజిల్ పీకేసి, ఆ మొన మీద దీన్ని నిలబెట్టి పైకీ కిందికీ ఆడిస్తే నిండుతుంది, అదే. మూత తీసే పనే లేదు, చేతికి చుక్క అంటదు, అందుకే అంత మోజు పడ్డాను. 5 మిల్లీలీటర్ల గొట్టానికి అది సరిగ్గా సరిపోతుంది. అత్తరు పంపు ఒక్క నొక్కుకి సుమారు 0.1 ఇస్తుంది, యాభై సార్లు ఆడిస్తే నిండుతుంది. 50 మిల్లీలీటర్లకి? ఐదొందల సార్లు! చెయ్యి పడిపోయాక గాని లెక్క గుర్తురాలేదు. పైగా లోపలికి ద్రవం వస్తుంటే అక్కడున్న గాలి ఎటో పోవాలి. దానికి వదిలిన సన్నదారి తడిసిందంటే ద్రవం దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, గాలి ఇరుక్కుంటుంది, సగం నిండి ఆగిపోతుంది. గట్టిగా ఆడిస్తే నురగ వస్తుంది. అదీ గాక ఆ కవాటం ఒక లావు మొనకే అమరుతుంది. కళ్ళద్దాల ద్రావణం డబ్బాకి మొనే ఉండదు. మళ్ళీ నింపుకునే సీసా అంటూ, నింపడానికి పనికొచ్చే డబ్బా ఒక్క రకమే ఉండాలంటే ఎలా? కవాటం విప్పి సొరుగులో పడేశాను. ఇంట్లో ఆ సొరుగుకి శ్మశానం అని పేరు పెట్టారు.

దాని తర్వాతే వెడల్పు నోరు మేలని ఈ నాలుగోదానికి దిగాను. ఇవాళ మధ్యాహ్నం మాత్రం, మరక చూసి, కవాటమే నయమేమో, నోరనేది లేకపోతే నోరు కారదు కదా అని సొరుగు దాకా వెళ్ళొచ్చాను. అది తప్పు. ఎండ దిగకముందే తెలిసింది.

సుద్దముక్క నూరి, ఆరిన సీసా మెడ చుట్టూ, మూత అంచున, నాజిల్ కింద, అంతటా పొడి చల్లాను. కారిన దారి పొడిలో గీతగా కనిపిస్తుందని. గంటన్నర తర్వాత చూస్తే మెడ చుట్టూ పొడి చెక్కుచెదరలేదు, తెల్లగా, పొడిపొడిగా అలాగే ఉంది. నాజిల్ కన్నం నుంచి కిందికి ఒకే ఒక్క నీలం చార.

ముక్కే కారుతోంది. పిల్ల పొద్దుటే చెప్పింది.

మెడని అన్ని మాటలు అన్నాను గాని ఇవాళ్టి తప్పు దానిది కాదు. (ఆ అంకెలు సగమే రాసేవాళ్ళ మీద కోపం మాత్రం వెనక్కి తీసుకోను.) తప్పు లోపలి గాలిది. 50 మిల్లీలీటర్ల సీసాలో ఇప్పుడు 25 నీళ్ళు, 25 గాలి. మధ్యాహ్నం బల్ల మీదికి ఎండ వస్తుంది. గది 22 డిగ్రీల నుంచి సీసా 37కి వేడెక్కిందనుకుంటే, గాలి వ్యాకోచం ఒక్కటే ఇరవయ్యో వంతు, అంటే ఒకటింపావు మిల్లీలీటర్లు, నీటి ఆవిరి కలిస్తే ఇంకొంచెం. అది ఎటు తోస్తుంది? పంపులో కవాటాలన్నీ బయటికే తెరుచుకుంటాయి. లోపలి నుంచి తోస్తే తలుపులు అవే తీసుకుంటాయి, నా పంపులో అడ్డం ఉన్నదల్లా ఒక నీరసపు స్ప్రింగు. లోపలి గొట్టం కొస నీటిలో మునిగి ఉంటే నీరు ముక్కుదాకా ఎక్కుతుంది. కొస గాలిలో ఉంటే గాలి పోతుంది, మరక పడదు.

నెల రోజులుగా ఒక రోజు కారి ఒక రోజు కారకపోవడానికి కారణం ఇదన్నమాట! గొట్టం కొస కాస్త వంగి ఉంటుంది. సీసాని పడుకోబెట్టినప్పుడు ఆ వంపు కిందికి తిరిగితే మునుగుతుంది, పైకి తిరిగితే తేలుతుంది. తలకిందులుగా నిలబెట్టి చేసిన పరీక్షలన్నీ ఎందుకు నెగ్గాయో కూడా అర్థమైంది. తలకిందులైతే గొట్టం కొస పైన గాలిలో ఉంటుంది. ఆ పరీక్షకి వాషరు దొరుకుతుంది, పంపు పక్కన గాలి పీల్చుకునే కన్నం దొరుకుతుంది, ముక్కు మాత్రం దొరకదు. రెండు వారాలు తలకిందులు చేసి మురిసిపోయాను.

దుకాణంలో ద్రవం నింపి అమ్మే సీసాకి ఈ తిప్పలు తక్కువ. నిండుగా బయల్దేరుతుంది, లోపల గాలి పదో వంతు ఉంటే ఎక్కువ. మళ్ళీ నింపుకునేది బతికినన్నాళ్ళూ సగం ఖాళీగానే బతుకుతుంది. అలాగని మెడదాకా పోయడం కూడా కుదరదు. ఆల్కహాలు 20 డిగ్రీలు వేడెక్కితే 50 మిల్లీలీటర్లకి ఒక మిల్లీలీటరు పైనే ఉబ్బుతుంది, దానికి చోటు లేకపోతే ద్రవమే నెడుతుంది. 45 దగ్గర గీత కొట్టాలి. ఇక విమానంలో అయితే ఎండ ఏపాటి! విమానం లోపలి గాలి ఒత్తిడి నేల మీది దానిలో సుమారు నాలుగింట మూడు వంతులకి తగ్గుతుంది, 25 మిల్లీలీటర్ల గాలి 33 కావాలని చూస్తుంది.

మరి మందు? తలని పక్కకి తిప్పితే తాళం పడే రకం పంపులున్నాయి. వాటిలో చాలావాటికి తాళం అంటే తల కిందికి దిగకుండా ఆపడమే, కన్నం తెరిచే ఉంటుంది. సంచిలో పొరపాటున నొక్కుకోదు, అంతవరకే. నాకు కావలసినవి రెండు. ఒకటి, లోపల తగినంత ఒత్తిడి చేరేదాకా అసలు వదలని, గట్టి స్ప్రింగున్న పంపు. దానికి తుంపర ఆగాక చివర్లో జారే చుక్క కూడా ఉండదు. రెండు, పైమూత లోపల ఒక రబ్బరు బొడిపె, మూత పెట్టగానే నాజిల్ కన్నం మీద అతుక్కునేలా.

మూడోది కూడా ఉంది, అది రాయడానికే మనసొప్పడం లేదు. సీసా మెత్తగా ఉండాలి. గోడల్ని రెండు వేళ్ళతో కాస్త నొక్కిపట్టి మూత బిగిస్తే లోపల గాలి తగ్గుతుంది, వేడికి ఉబ్బినా గోడలు యథాస్థానానికి వస్తాయి గాని ద్రవాన్ని తోయవు. గట్టి పెట్ సీసాకి ఆ సుఖం లేదు. అంటే అద్దంలాంటి ఆ అందం వదులుకుని, నోటి మీద గీత ఉండే పాలతెలుపు సీసాకే వెళ్ళాలి, ప్రతిదాన్నీ ఎనిమిది అంకెలా ఇరవై సార్లు తిప్పి నున్నగా చేసుకోవాలి. ఆల్కహాలుకి రెండూ ఆగుతాయి. గట్టి పారదర్శకం కావాలని పాలికార్బనేటు, యాక్రిలిక్ జోలికి పోతే ఆల్కహాలుకి సన్నసన్న పగుళ్ళు లేస్తాయి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఏ సీసాలో పోసినా పంపులో స్ప్రింగుని తినేస్తుంది.

గొట్టం కూడా మళ్ళీ కోయాలి. సీసా అడుగు వ్యాసం 35 మిల్లీమీటర్లు. గొట్టం ఒక్క మిల్లీమీటరు పొట్టిదైతే అడుగున సుమారు ఒక మిల్లీలీటరు మిగిలిపోతుంది, ఏడు నొక్కులు. పొడుగైతే వంగి అడుగుకి అతుక్కుని నోరు మూసుకుంటుంది, పంపు ఎండిపోయినట్టు నొక్కుకుంటుంది. కొసని ఏటవాలుగా కోస్తే అతుక్కోదు. వంపు ఏ వైపుందో చూసుకుని నాజిల్ తలని అటే తిప్పుకోవాలి, వాడేటప్పుడు సీసా వాలేది అటే కాబట్టి.

ఇంకొకటి, నింపేటప్పుడు ఊడదీసిన పంపుని ఎక్కడ పెట్టాలి? తడిగొట్టాన్ని బల్ల మీద పెడితే దుమ్మంతా అంటుకుని లోపలికే పోతుంది. గరాటుకే ఒక పక్క కొక్కెం ఇస్తే దానికి తగిలించవచ్చు. గరాటు కాడకి బయట మూడు గట్లు కూడా ఉండాలి, లేకపోతే సీసా మూతికి గాలి ఆడకుండా పట్టేసి బుడగ తన్ని పొంగుతుంది. ఇది రేపు.

సీసాని మళ్ళీ పడుకోబెట్టాను, ఈసారి వంపు పైకి ఉండేలా, మెడ చుట్టూ కొత్త సుద్దపొడితో. ఉత్త నీళ్ళే పోశాను, ఆల్కహాలైతే ఆవిరైపోయి తూకం అబద్ధం చెబుతుంది. 39.12 గ్రాములు. టిష్యూ మార్చాను. ఎండ వచ్చేదాకా ఎవరూ తాకొద్దని చీటీ రాసి పెట్టాను, చిన్నది లేచేసరికి చూడాలిగా.