చిన్నాన్న మొక్కు తీర్చి వచ్చాం

పాదాలు ఇంకా నేలమీద ఆనడం లేదు. ఇప్పుడే రాయకపోతే మళ్ళీ ఆఫీసు గొడవలో పడి రాయనని కూర్చున్నాను. నేనూ మా బావా సింహాచలం గిరిప్రదక్షిణ చేసి వచ్చాం. మొక్కు మాది కాదు, మా చిన్నాన్నది. చెల్లికి నెలలు నిండకుండా పాప పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు "అప్పన్నా, ఈ పిల్ల ఇంటికొస్తే నీ కొండ చుట్టూ నడుస్తా" అనుకున్నాడట. పాప వచ్చింది. ఆషాఢం రాకముందే ఆయన వెళ్ళిపోయాడు. సంవత్సరీకాలయ్యాక చెల్లి ఫోన్ చేసి "అన్నయ్యా, నాన్న మొక్కు ఉండిపోయింది" అంది, అంతే.

విచిత్రం ఏంటంటే ఆయన ఎప్పుడూ ప్రదక్షిణ చేసింది లేదు. ఏటా ఆ రాత్రి విశాఖ మురళీనగర్‌లో రోడ్డు పక్కన మజ్జిగ డ్రమ్ము పెట్టుకుని తెల్లారేదాకా నిలబడేవాడు. ప్లాస్టిక్ గ్లాసులు ముట్టనిచ్చేవాడు కాదు, అన్నీ స్టీలువే, పక్కనే బకెట్లో కడుగుతూ ఉండేవాడు. ఎవరైనా నడుస్తూ తాగబోతే "నిలబడి తాగు నాన్నా, పొరమారుద్ది" అనేవాడు. మా నాన్న పోయాక నా ఫీజులు కట్టింది ఆయనే, ఆ మాట ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి కరెంటు పోయి వీధంతా నీళ్ళకి అల్లాడిపోతుంటే పాత చేతక్ స్కూటరుకి డబ్బాలు కట్టి చేతిపంపు నుంచి మేడల మీది ముసలివాళ్ళకి మోసిపెట్టాడు, ఇక్కడ పిన్నేమో "మన తొట్టె ఎండిపోయింది మహానుభావా" అని అరుస్తూనే ఉంది.

చతుర్దశి మధ్యాహ్నం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. 32 కిలోమీటర్లు. ముడసర్లోవ, హనుమంతవాక దాకా హుషారుగానే ఉన్నాం. అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానాలకి దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటుంటే ఊపిరాడలేదు. దానికి తోడు డీజే పెట్టెలు! గోవింద నామం పక్కవాడికి కూడా వినపడదు. రోడ్డు నిండా తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, ఉత్త కాళ్ళతో వాటిమీద జారుతూ నడవాలి. పుణ్యానికి మంచినీళ్ళు పోసేవాళ్ళు ఒక చెత్తబుట్ట కూడా పెడితే ఏం పోయింది?

సీతమ్మధార దాటాక నా పిక్కలు పట్టేశాయి. అడుగు పడటం లేదు. ఒక ఇంటి అరుగు మీద మా అమ్మ వయసు ఆవిడ "ఏటి బాబూ అలా సూస్తావు, ఇలా కూకో" అని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. నా కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకుని బామ్ రాసి నొక్కడం మొదలెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోయి "వద్దమ్మా, మీరు పెద్దవారు" అంటే "మొక్కున్నోళ్ళ కాళ్ళు, మాకూ పున్నెమేలే" అంది. గట్టిగా నొక్కిందేమో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నొప్పికో దేనికో. లేచి దణ్ణం పెడదామనుకునేసరికి ఆవిడ అప్పటికే ఇంకొకరి కాలు పట్టుకుని ఉంది.

మురళీనగర్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. డ్రమ్ము అక్కడే ఉంది. వెనకాల పిన్ని. ఈ ఏడు వద్దని అందరం చెప్పినా వినలేదు. ఆ గుంపులో నన్ను గుర్తుపట్టలేదు. తలెత్తకుండా గ్లాసు నా చేతిలో పెట్టి "నిలబడి తాగు నాన్నా" అంది. నేను పలకలేదు. తాగేసి గ్లాసు బకెట్లో వేసి బావ వెనకాల నడిచాను.

ఎన్‌ఏడీ, గోపాలపట్నం ఎలా దాటామో సరిగ్గా గుర్తులేదు. తెల్లవారుజామున మళ్ళీ తొలిపావంచా దగ్గరికి చేరి, కొండమీదికెళ్ళి క్యూలో పడ్డాం. పౌర్ణమి కదా, స్వామికి విడతలుగా పూసే చందనంలో తుది విడత సమర్పించే రోజు, జనం చెప్పక్కర్లేదు. గంటలు గంటలు నిలబడితే లోపల రెండు రెప్పపాట్లు, "పదండి పదండి" అని భుజం మీద చెయ్యి. పాప పేరు, చెల్లి పేరు, గోత్రం అన్నీ దారంతా తలుచుకుంటూ వెళ్ళాను. తీరా ఆ చందనంలో స్వామి కనపడగానే నోట్లోంచి వచ్చింది "చిన్నాన్న నడిచాడు స్వామీ" అని మాత్రమే.

కిందికి వచ్చాక పిన్నికి ఫోన్ చేశాను. వేడినీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టుకోమంది. తర్వాత "గ్లాసులు చాల్లేదురా, వచ్చే ఏటికి ఇంకో రెండు డజన్లు కొనాలి" అంది.