హామీపత్రం మీద సంతకం పెట్టలేదు: నా అనుభవం

ఉపాధి హామీ కూలీలకు నెలల తరబడి డబ్బులు రాకపోతే వాళ్లతో కలిసి మండల కార్యాలయం ముందు ధర్నాకు కూర్చున్నాం. పని చేసిన 15 రోజుల్లోగా కూలి చెల్లించాలని చట్టమే చెబుతోంది. మర్నాడు పత్రికలో వచ్చిన ఫొటోలో మా స్వచ్ఛంద సంస్థ బ్యానరు పక్కన ఒక పార్టీ జెండా కనిపించింది. మాకు నిధులిచ్చే సంస్థ ఆ ఫొటో జతచేసి ఉత్తరం రాసింది. ఇకపై ధర్నాలు చేయబోమనీ ప్రభుత్వ విధానాల మీద మాట్లాడబోమనీ హామీపత్రం రాసివ్వాలట, లేకపోతే తర్వాతి విడత ఆపేస్తారట.

వాళ్ల భయానికి కారణం ఉంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం ‘రాజకీయ స్వభావం గల సంస్థ’ విదేశీ నిధులు తీసుకోకూడదు. ప్రజల సమస్యల కోసం బంద్, హర్తాళ్, రాస్తారోకో వంటివి అలవాటుగా చేపట్టే సంస్థలను కూడా 2011 నిబంధనలు ఆ గాటన కట్టాయి. విదేశీ నిధులు తీసుకోవడానికి మాకున్న రిజిస్ట్రేషన్ పోతే జీతాలు ఆగిపోతాయి, బడి మానేసిన పిల్లల కోసం నడిపే కేంద్రాలు మూతపడతాయి.

ట్రస్టీల సమావేశంలో చాలామంది సంతకం పెట్టేద్దామన్నారు. ‘పిల్లలకు చదువు చెబుదాం, వైద్య శిబిరాలు పెడదాం, ఈ గొడవలు మనకెందుకు’ అన్నది వాళ్ల వాదన. ఒకప్పుడు అక్షరాస్యత ఉద్యమంలో తిరిగిన పెద్దావిడ అప్పుడు నోరు విప్పారు. “నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లకు రాత్రిపూట అక్షరాలు నేర్పాం. అది సేవే అన్నారు అందరూ. ఆ చదువుతోనే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. సేవ ఎక్కడ ఆగింది, రాజకీయం ఎక్కడ మొదలైంది, చెప్పండి.” ఎవరూ జవాబు చెప్పలేదు. సంతకం వాయిదా పడింది.

మాకు తెలిసిన న్యాయవాది ఒకరు ఇన్సాఫ్ (ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం అనే సంస్థ) ఆ నిబంధనల మీద వేసిన కేసు తీర్పు ప్రతి ఇచ్చారు. 2020 మార్చి 6న సుప్రీంకోర్టులో జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ దీపక్ గుప్తా ఇచ్చిన తీర్పు అది. రాజకీయ లక్ష్యం లేకుండా, తమ హక్కుల కోసం ఆందోళన చేస్తున్న ప్రజలకు మద్దతిచ్చినంత మాత్రాన ఏ సంస్థనూ రాజకీయ సంస్థగా ముద్ర వేసి శిక్షించరాదని అందులో స్పష్టంగా ఉంది. అదే ఏడాది నవంబరులో నిబంధనలనూ సవరించారు. క్రియాశీల రాజకీయాల్లోనో పార్టీ రాజకీయాల్లోనో పాల్గొంటేనే ఆ ముద్ర వర్తిస్తుంది. ఈ తీర్పు గురించి మా రంగంలోనే చాలామందికి తెలియకపోవడం నన్ను బాధించింది. భయం మాత్రం అందరికీ చేరింది.

తర్వాతిదంతా కాగితాల పని. అన్నిటికంటే ముందు ఆ జెండా సంగతే తేల్చాల్సి వచ్చింది. మా కార్యకర్త ఫోనులో ధర్నా రోజు తీసిన ఫొటోలు వెతికాం. మధ్యాహ్నం ఒక నాయకుడు అనుచరులతో వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు, జెండా వాళ్లది. ఆయన మైకు అడిగితే కూలీల సంఘం మహిళే ఇవ్వలేదు. ఏ పార్టీ నాయకుడికీ మైకు ఇవ్వకూడదని ముందు రోజే మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. షామియానా, మైకుసెట్టు అద్దె వోచర్లు తీస్తే, ఆ డబ్బు స్థానిక చందాలదేనని తేలింది. ఎన్నికల ముందు అభ్యర్థులందరికీ ఇచ్చిన వినతిపత్రం దొరికింది. అన్ని పార్టీలకూ ఒకటే పాఠం, ఆఖరికి అక్షరదోషం కూడా ఒకటే.

హామీపత్రం ఇవ్వలేమని జవాబు రాశాం. దాని బదులు మా నియమావళి పంపాం. ఓటు ఎవరికి వేయాలో చెప్పం, పార్టీ వేదిక ఎక్కం, పార్టీ డబ్బు ముట్టం, పోటీ చేయదలచినవాళ్లు ముందే సంస్థ నుంచి తప్పుకోవాలి. కూలీల తరఫున మాట్లాడటం మాత్రం మా పనిలో భాగమనీ, దాన్ని వదులుకుంటే మిగిలిన పనికి అర్థం ఉండదనీ రాశాం. ఆ వాక్యాన్ని తీసేయమని మా ఆడిటర్ ఎంతో చెప్పి చూశారు. నేను ఒప్పుకోలేదు.

నిధులిచ్చే సంస్థ నుంచి ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చాయి. ఈలోగా ఒక ట్రస్టీ రాజీనామా చేశారు, ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. క్రియాశీల రాజకీయాలంటే ఏమిటో నిబంధనల్లో నిర్వచనం లేనంతకాలం ఆ భయం పోదు. చివరికి నిధులిచ్చే సంస్థ హామీపత్రం అడగడం మానుకుంది, మా నియమావళినే ఒప్పందానికి జతచేసుకుని విడత విడుదల చేసింది.