లంబసింగికి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే

విశాఖ మన్యంలోని కొండ ఊరు లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటారు గానీ, అక్కడ కాశ్మీరులోలా మంచు కురవదు. ఈ ముక్క ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది. గడ్డి మీద తెల్లగా కనిపించేది గడ్డకట్టిన మంచు బిందువులే. చలిరాత్రి నేలను ఆనుకున్న గాలి మనిషెత్తు గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే థర్మామీటరు మూడో నాలుగో డిగ్రీలు చూపిస్తున్నా గడ్డి తెల్లబడుతుంది. ఊరికి కొర్రబయలు (కొర్ర అంటే కర్ర) అన్న పేరు ఊరికే రాలేదు: రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యబారిపోతారట!

అసలు చూడాల్సింది చెరువులవేనం కొండ మీంచి, లోయ నిండా పరుచుకున్న మబ్బు. రాత్రి ఆకాశం తేటగా, గాలి నిలకడగా ఉంటే కొండల మీది చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అక్కడి తేమ పొగమంచవుతుంది. ముందురోజు రాత్రి మబ్బేసినా, గాలి విసురుగా ఉన్నా ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. ఎండెక్కితే, సుమారు తొమ్మిదికల్లా, అంతా చెదిరిపోతుంది.

విశాఖ నుంచి సుమారు 130 కిలోమీటర్లు. రాత్రి ఒంటిగంటన్నరకు కారు కదిలితే ఐదు దాటాక ఊళ్ళో ఉంటారు. నర్సీపట్నంలో ట్యాంకు నింపుకోండి, కాస్త నగదు కూడా దగ్గర పెట్టుకోండి. అక్కణ్ణుంచి ఘాట్ 30 కిలోమీటర్ల లోపే, కానీ గంట పడుతుంది. పొగమంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది, లోబీమ్‌తోనే పోవాలి. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడవడం దండగ, ఏసీ గాలి అద్దం మీదికి తిప్పండి. బైకు మీదైతే గ్లవుజులు తప్పనిసరి, జాకెట్ లోపల ఛాతీకి పాత పేపరు.

బస్సులో వచ్చేవాళ్ళు ముందురోజే నర్సీపట్నం చేరి పడుకోవడం నయం. పొద్దెక్కాక వచ్చేవాళ్ళకు మామూలు కొండ ఊరే మిగులుతుంది.

చెరువులవేనం నుంచి కిందికి దిగగానే బొంగులో చికెన్ (వెదురు గొట్టంలో కాల్చే కోడి) చెప్పేసి అప్పుడు టీ తాగండి, కాలడానికి ముప్పావు గంటైనా పడుతుంది. బొంగు పచ్చిది కావాలి. ఎండుదైతే కోడి ఉడికేలోపు అదే అంటుకుంటుంది. తర్వాత తాజంగి చెరువు, కాఫీ తోటల్లో చెట్లకు పాకిన మిరియాల తీగలు. వలిసె (నూనెగింజ పంట) పూల పసుపు కావాలంటే మాత్రం నవంబరులోనే రావాలి.

తిరుగుదారిలో రెండో గేరులో దిగండి. బ్రేకు మీదే కాలుంచితే నాలుగు మలుపులకే కాలిన వాసన మొదలవుతుంది.