వేలిముద్ర పడట్లేదు

తెల్లవారుజామున రెండున్నరకి ఇల్లంతా ఒక్కసారిగా వెలిగిపోయింది. హాలు, వంటిల్లు, మూడు బెడ్‌రూములు, ఆఖరికి బాల్కనీలో తులసి కుండీ పైన లైటు కూడా. ఏం లేదు, కరెంటు పోయి వచ్చింది, అంతే. మా స్మార్ట్ బల్బులకి అదో గుణం, పోయేముందు ఆరిపోయి ఉన్నామా వెలుగుతున్నామా అన్నది వాటికి గుర్తుండదు, కరెంటు రాగానే ఫుల్లుగా వెలుగుతాయి. యాప్‌లో ఒక్కో బల్బుకి ఆ సెట్టింగ్ మార్చుకోవచ్చట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు మారుస్తానన్నాడు. పండగ అయిపోయింది, వాడూ వెళ్లిపోయాడు. మావారు దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నారు. నేను లేచి ఫోన్ వెతుక్కుని యాప్ తెరిస్తే అది గిరగిరా తిరుగుతూనే ఉంది, ఎందుకంటే రౌటర్ కూడా అప్పుడే నిద్ర లేచింది, అది ఒళ్లు విరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పోనీ గోడ మీద స్విచ్ నొక్కుదామంటే దాని మీద సెలోఫేన్ టేపు.

ఈ టేపు మా అత్తయ్యగారి కోసం. గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పి రావడం ఆవిడకి డెబ్బై ఏళ్ల అలవాటు. గోడ స్విచ్ ఆపేస్తే బల్బుకి కరెంటే అందదు, ఇక యాప్ ఎంత పిలిచినా పలకదు. మావాడు నాలుగుసార్లు నచ్చజెప్పి, ఐదోసారి టేపు అంటించి వెళ్లాడు. ఆవిడ గోటితో చివర లేపి మరీ ఆపుతారు. "లైటు ఆర్పడానికి కూడా దానికి దణ్ణం పెట్టాలా" అంటారు. మాటతో పనిచేసే స్పీకర్ ఉంది కదా అంటే, దానికేమో ఆవిడ తెలుగు అర్థం కాదు, ఆవిడకి దాని ఇంగ్లీషు అర్థం కాదు.

మొత్తం తిట్టడానికే రాస్తున్నానని కాదు. గీజరుకి 16 ఆంప్స్ స్మార్ట్ స్విచ్ పెట్టాడు, ఐదున్నరకి అదే వేసుకుని ఇరవై నిమిషాలకి అదే ఆరిపోతుంది. ఇక్కడే గుంటూరు బ్రాడీపేటలో అద్దెకున్న పందొమ్మిదేళ్లూ గీజరు ఆపానో లేదోనని స్కూల్లో ఫస్ట్ పీరియడ్ అంతా టెన్షన్ పడేదాన్ని. గోరంట్లలో ఈ ఫ్లాట్‌కి వచ్చాక ఎనిమిది నెలలుగా ఆ బాధ లేదు. అది ఒప్పుకోవాలి.

నా గొడవంతా తలుపుతోనే.

బిల్డరే డిజిటల్ లాకూ, వీడియో డోర్ ఫోనూ పెట్టి ఇచ్చాడు. వేలిముద్రతో తెరవొచ్చు, నంబరు నొక్కి తెరవొచ్చు, అవేవీ పనిచేయకపోతే హ్యాండిల్ కింద చిన్న మూత జరిపి మామూలు తాళంచెవితో తెరవొచ్చు. గృహప్రవేశమైన వారానికే అందరి వేళ్లూ ఎక్కించాడు మావాడు. అత్తయ్యగారిది మూడోసారికి పడింది. మా ఇంట్లో పనిచేసే ఆమెది పడలేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, ఎడమచేతివి, అన్నీ అయ్యాయి. కొంగుతో తుడుచుకుని పెట్టింది, తడి చేసుకుని పెట్టింది, నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊది పెట్టింది. ప్రతిసారీ ఎర్ర లైటు, కుయ్ కుయ్ కుయ్. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "రేషన్ డిపోలో కూడా ఇంతేనమ్మా, వేలిముద్ర పడట్లేదని కన్ను పెట్టించుకుంటారు" అంది.

ఆ రోజే మొదటిసారి ఆమె చేతులు దగ్గరగా చూశాను. వేళ్ల చివర్లు నున్నగా, కాస్త మెరుస్తూ, చింతపిక్కల్లాగా. గీతలు లేవని కాదు, పగుళ్లున్నాయి, వేలిముద్రకి కావలసిన గీతలే లేవు. పదకొండో ఏట నుంచి మిరపకాయల పనికి వెళ్లిందట, సీజన్లో తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరడం. సాయంత్రానికి చేతులు మండిపోయి, ఆముదం రాసుకుని పైకి పట్టుకుని పడుకునేవాళ్లట అక్కచెల్లెళ్లు. పెళ్లయ్యాక ఇళ్లల్లో అంట్లు, బట్టల సోడా, బాత్రూముల యాసిడ్. మన గుంటూరు కారం గురించి ఎంత గొప్పలు చెప్పుకుంటామో, ఆ తొడిమలు ఎవరి గోళ్లతో ఊడతాయో నేనైతే నలభై ఏడేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

సరే, వేలు పడలేదు కాబట్టి మావాడు ఆమెకని విడిగా ఒక నంబరు పెట్టాడు. ఆరంకెలు. బాగానే నొక్కుకుంటూ వచ్చింది కొన్నాళ్లు. ఒక ఆదివారం మావాడు ఫోన్ చేసి, "అమ్మా, ఆవిడ ఏడింటికి రావాలి కదా, ఈ నెలలో ఒక్కరోజు కూడా ఏడున్నర లోపు రాలేదు" అన్నాడు. హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఎలా తెలిసిందా అనుకున్నాను. ఏ నంబరుతో ఎన్నింటికి తలుపు తెరుచుకుందో యాప్‌లో వరసగా పడుతుందట. పక్క గదిలో ఉన్న నేనే ఎప్పుడూ టైము చూడలేదు, ఏడైనా ఏడున్నరైనా నాకు పని అయిపోతే చాలు. ఆమె ఊరి చివర అడవితక్కెళ్లపాడులో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ల నుంచి రావాలి, షేర్ ఆటో నిండితే గానీ కదలదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు మాటల్లో నోరు జారాను, "కొంచెం పెందలాడే రావే, బాబు లేటవుతోందంటున్నాడు" అని. గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. "బాబుకెట్టా తెలిసిందమ్మా?" అంది. చెప్పాను. "ఓహో" అని మళ్లీ తోముకుంది. తర్వాతి రోజు నుంచి నంబరు నొక్కడం మానేసి బెల్లు కొడుతోంది. అడిగితే, "ఎందుకులేమ్మా, రేపు ఏ ఉంగరమో కనపడకపోతే నా నంబరే కదా చూపిచ్చేది" అంది. కోపంగా కూడా అనలేదు, కూర తరిగినంత మామూలుగా అంది. ఛ, నిన్నెవరనుమానిస్తారే అని ఏదో అన్నాను గానీ, ఆ మాట నాకే అతకలేదు.

ఇవాళ జరిగింది రాద్దామని కూర్చుని ఎక్కడెక్కడికో పోయాను. మావారు పొద్దున్నే విజయవాడ వెళ్లారు. నేను స్కూలుకి. శంకర్ విలాస్ బ్రిడ్జి పని మొదలయ్యాక తిరిగి తిరిగి వెళ్లాలి కాబట్టి ఇప్పుడు ఇరవై నిమిషాలు ముందే బయల్దేరుతున్నాను. ఆమె మధ్యాహ్నం మూడింటికి అంట్లకి వచ్చింది. బెల్లు కొట్టింది. అత్తయ్యగారు మిషను తీసి పక్కన పెట్టి నిద్రపోతున్నారు, మిషనంటే చెవిది. బెల్లు కొడితే డోర్ ఫోన్ నా ఫోన్‌కి కాల్ పంపిస్తుంది, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను, ఫోన్ సైలెంట్లో బ్యాగులో ఉంది. నాలుగూ పదికి లిఫ్ట్ దిగేసరికి మెట్ల మీద మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుని ఉంది. ఎదురు ఫ్లాట్ వాళ్ల చెప్పుల స్టాండుకి ఆనుకుని.

"గంట నుంచి ఇక్కడే ఉన్నావా? నంబరు నొక్కొచ్చుగా?"

"మర్చిపోయానమ్మా."

కొడుకుదీ కూతురుదీ అల్లుడిదీ ఫోన్ నంబర్లు నోటికి చెప్పే మనిషి. నేనూ రెట్టించలేదు. నా వేలు పెట్టాను, టింగ్ మని తలుపు తెరుచుకుంది, ఆ టింగ్ శబ్దానికి ఎప్పుడూ లేనంత చిరాకేసింది.

ఆమె అంట్లు తోముతుంటే బీరువాలో లాకుతో పాటు వచ్చిన అట్టపెట్టె తీశాను. రెండు తాళంచెవులు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఒకటి తీసి ఇచ్చి, హ్యాండిల్ కింద మూత ఎలా జరపాలో చూపించాను. రెండుసార్లు తీసి వేసి చూసుకుంది. "ఇది ఫోన్లో పడదా?" అని అడిగింది. తీసినట్టు పడినా ఎవరు తీశారో పడదని చెప్పాను. చెవి కొంగు చివర వేసి ముడేసుకుని, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని వెళ్లింది.

మావాడికి ఇంకా చెప్పలేదు. చెబితే సెక్యూరిటీ మీద అరగంట క్లాసు. అత్తయ్యగారు హాల్లో స్విచ్ మళ్లీ ఆపేసినట్టున్నారు, అక్కడ చీకటిగా ఉంది, ఇవాళ్టికి అలాగే ఉండనీ. రేపొచ్చేటప్పుడు నాలుగు పెన్సిల్ సెల్స్ తేవాలి, లాకు నిన్నటి నుంచి బ్యాటరీ అయిపోతోందని మొత్తుకుంటోంది.